ఈగ గారూ, కాస్త ఇటు తిరగండి!

బాత్రూమ్ గోడ మీద నూగు రెక్కలు పరుచుకుని కదలకుండా కూర్చునే బూడిదరంగు పురుగును చాలామంది దీపపు పురుగు పిల్ల అనుకుంటారు. అది ఈగే. రెక్కల అంచున తెల్లచుక్కలు స్పష్టంగా పడితే, ఫొటో చూసి క్లోగ్మియా ఆల్బిపంక్టేటా అని జాతి పేరుతో సహా చెప్పేయొచ్చు. డెంగీ దోమదీ అదే వరస. (దోమలూ ఈగల వర్గమే. రెండే రెక్కలుండటం ఆ వర్గం గుర్తు.) వీపు మీద ఇరువైపులా వంపు తిరిగిన తెల్లగీతలుంటే ఈడిస్ ఈజిప్టై, నడిమధ్యన ఒకే నిలువు గీత ఉంటే ఆల్బోపిక్టస్.

చిక్కంతా మామిడితోటలో మొదలవుతుంది.

తోటల్లో కట్టే మిథైల్ యూజినాల్ ఎరలకు మగ పండు ఈగలు వచ్చి పడతాయి. వాటిలో డోర్సాలిస్, జొనాటా, కరెక్టా మూడూ ఉండొచ్చు. మూడూ బ్యాక్ట్రోసెరా గణానివే. రెక్క ముందంచు వెంట నల్లపట్టీ కొసదాకా తెగకుండా సాగితే డోర్సాలిస్ వైపు మొగ్గొచ్చు. పట్టీ మధ్యలో తెగి, కొసన మచ్చ మాత్రమే మిగిలితే తక్కిన రెండింట్లో ఒకటి. వాటిని విడదీయడానికి వీపు చాలదు, మొహం కావాలి. జొనాటాకు విడివిడిగా రెండు నల్లచుక్కలు, కరెక్టాకు అడ్డంగా నల్లగీత. మనవాళ్లు పంపే ఫొటోల్లో సాధారణంగా లేనిది ఆ మొహమే!

డోర్సాలిస్ మీద నిపుణులే ఏళ్ల తరబడి తర్జనభర్జన పడ్డారు. 2003లో కెన్యాలో బయటపడిన పండు ఈగకు 2005లో ఇన్వాడెన్స్ అని వేరే జాతిగా పేరు పెట్టారు. జన్యువులు, జత కట్టే తీరు, శరీర కొలతలు అన్నీ పోల్చాక, అదీ డోర్సాలిసేనని 2015లో తేల్చారు. అలాంటప్పుడు మసక ఫొటో చూసి క్షణంలో పేరు చెప్పే యాప్‌ను ఎంతవరకు నమ్మాలి?

మగ్గిన అరటిపండు మీద ముసిరే డ్రోసోఫిలాల సంగతి మరీ కష్టం. 1919లో స్టర్టెవాంట్ అనే శాస్త్రవేత్త సిమ్యులాన్స్ జాతిని మెలనోగాస్టర్ నుంచి వేరు చేశాడు. ఆడ ఈగలు దాదాపు ఒకేలా ఉంటాయి. మగవాటి జననాంగం దగ్గరి చిన్న తమ్మె ఆకారమే నమ్మదగిన తేడా. మామూలు ఫొటోలో అది పడదు. అక్కడ గణం పేరు చెప్పి ఆగిపోవడమే నిజాయతీ.

ఆగని సందర్భమూ ఉంది. దక్షిణాఫ్రికాలో తుమ్మెద వేషం కట్టిన ఒక ఈగకు, నమూనా చేతిలో లేకుండా, ఫొటోల ఆధారంగానే 2015లో మార్లీమియా జైలోకోపే అని పేరు పెట్టారు కీటక శాస్త్రవేత్తలు మార్షల్, ఎవెన్‌హుయిస్. మరుసటి ఏడాది వందలమంది శాస్త్రవేత్తలు ఆ పద్ధతిని వ్యతిరేకిస్తూ సంతకాలు చేశారు. వాళ్ల మాటే సబబు. రేపు అనుమానమొస్తే ఫొటోను కోసి చూడలేం, అందులోంచి డీఎన్ఏ తీయలేం.

ఈసారి పురుగుపట్టిన మామిడిపండు దొరికితే పారేయకండి. సీసాలో ఇసుక పోసి, పండు పెట్టి, మూతికి పలచటి గుడ్డ కట్టండి. ఈగలు బయటికొచ్చాక రంగులు తేలడానికి నాలుగైదు రోజులు పడుతుంది. అందాకా పంచదార నీళ్లు పెట్టండి. ఆ తర్వాత పైనుంచి, పక్కనుంచి, మొహానికి ఎదురుగా ఫొటోలు తీయండి. ఈగను స్పిరిట్‌లో దాచి, ఊరు, తేదీ, పండు వివరాలు రాసిన చీటీ అందులోనే వేయండి. పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.