ఆకుకూరల రుచి తెలిసి వండుదాం

ఆకుకూరలు ఆరోగ్యప్రదమని ఎరుగని గృహిణి ఉండదు. అయితే వాటినన్నిటినీ ఒకే గాటన కట్టి, ఒకే తీరున వండి, ఇంటిల్లిపాదికీ ఒకే మోతాదులో వడ్డించడం సరికాదు. ఆకు రుచి ఏమిటో, స్పర్శ ఎటువంటిదో గమనిస్తే దానిని ఎలా వండాలో చాలావరకు బోధపడుతుందని నా వైద్యానుభవం.

పుల్లని ఆకులలో గోంగూర, చుక్కకూర ముఖ్యమైనవి. ఎర్రకాడల గోంగూరలో పులుపు హెచ్చు, తెల్ల గోంగూరలో తక్కువ. అందుచేత పచ్చడికి మొదటిదానిని, పప్పుకు రెండవదానిని నేను సూచిస్తాను. చుక్కకూర మృదువైనది, పొయ్యిమీద పెట్టిన కొద్ది నిమిషాలకే ముద్దవుతుంది. పులుపు కందిపప్పును త్వరగా ఉడకనివ్వదు గనుక పప్పు మెత్తబడిన తరువాతనే ఈ ఆకులు చేర్చాలి. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో వీటిని వండరాదు.

బచ్చలి ఆకు దళసరి, నునుపు, జిగురు గలది. ఆయుర్వేదం దీనిని ‘ఉపోదిక’ అని పిలిచి, శీతలమనీ స్నిగ్ధమనీ వర్ణించింది. నువ్వుల ముద్దతో వండిన బచ్చలి అతిసారానికి హేతువని చరక సంహిత హెచ్చరించింది. గోదావరి జిల్లాల విందులలో కందా బచ్చలికి చింతపండు, ఆవ చేర్చే సంప్రదాయం ఉంది. చింతపండు బచ్చలి జిగురును, కంద దురదను కూడా తగ్గిస్తుంది.

తోటకూర, పాలకూర చప్పనివి. లేత తోటకూర తనలోని నీటితోనే మగ్గిపోతుంది. ముదురు కాడలను పీచు తీసి పులుసులో వేస్తే కమ్మగా ఉంటాయి. మెంతికూర చేదు గలది. కాస్త ఉప్పు చల్లి, కొంతసేపటికి పిండివేస్తే ఆ చేదు తగ్గుతుంది.

ఇక ముఖ్యమైన జాగ్రత్త. మూత్రపిండంలోని రాయిని తీయించుకున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బలం కోసమని నిత్యం పరగడుపున గ్లాసెడు పచ్చి పాలకూర రసం తాగుతూ నా వద్దకు వచ్చారు. వెంటనే మాన్పించాను. పాలకూర, తోటకూర, బచ్చలి, చుక్కకూరలలో ఆక్సలేట్లు అధికం. అవి మూత్రంలో కాల్షియంతో కలిసి రాళ్ళుగా మారే అవకాశం ఉంది. ఆకును ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోస్తే ఆక్సలేట్లు కొంత తగ్గుతాయి. భోజనంలో పెరుగు ఉంటే అందులోని కాల్షియం ప్రేగులలోనే వాటిని పట్టి ఉంచి, రక్తంలో చేరకుండా చాలావరకు అడ్డుకుంటుంది. ఆక్సలేట్ రాళ్ళ బాధ గలవారు వైద్యుని సలహాపై ఈ కూరలను మితంగా తినాలి. వారికి మెంతికూర మేలు.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వాడేవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. ఆకుకూరలలోని విటమిన్ కె ఆ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది. ఒకనాడు దండిగా తిని, మరుసటి వారమంతా మానివేయడం ప్రమాదకరం. ప్రతివారం ఇంచుమించు ఒకే పరిమాణంలో తింటూ, మార్పు చేయదలిస్తే ముందుగా వైద్యునికి తెలపాలి.

ఆరోగ్యవంతులకు ఇట్టి నిషేధాలు లేవు. ఏ కూరనైనా ఇసుక పోయేవరకు రెండు మూడు నీళ్ళలో కడిగి, ఆ తరువాతనే తరగండి. నిత్యం ఒకే ఆకును పట్టుకోక, వారంలో ఒకనాడు పులుపు, ఒకనాడు చేదు, మరొకనాడు చప్పనిది వండండి. రుచికి రుచి, ఆరోగ్యానికి ఆరోగ్యం!