మణికట్టుకు ఆవాల దిండు

పసిబిడ్డ తల గుండ్రంగా కుదురుకోవాలని తలకింద ఆవాల దిండు పెట్టడం మన ఇళ్లలో పెద్దల అలవాటు. బరువు పడినచోట ఆవాలు పక్కకు జరిగి, తలకు తగిన గుంటను అవే ఏర్పరుస్తాయి. ఆ గుణమే పెద్దవారి మణికట్టుకు కూడా ఉపకరిస్తుంది. చేతికి ఆనుగానూ, పిండి వ్యాయామం చేసుకోవడానికీ పనికివచ్చే మెత్తటి సాధనాలు బజారులో దొరుకుతున్నాయి. గుప్పెడు ఆవాలతో ఆ రెండు ప్రయోజనాలనూ ఇంట్లోనే పొందవచ్చు. అయితే దానిని ఎప్పుడు పిండాలో, ఎప్పుడు పిండరాదో తెలిసి ఉండడం అవసరం.

కాజీపేట–విజయవాడ రైలు మార్గంలోని మా నెక్కొండలో మణికట్టు నొప్పి కంప్యూటరు ముందు కూర్చునేవారికే పరిమితం కాదు. పత్తి ఏరే చేతులు, మిరపకాయలు తెంపే చేతులు, బట్టలు పిండే చేతులు అన్నీ దీనికి లోనవుతాయి. మా వీధిలో కుట్టుపని చేసే ఒక వదిన, "రాత్రి చెయ్యి మొద్దుబారి మెలకువ వస్తది, దులిపితే గాని తగ్గది" అని చాలాకాలం చెప్పుకున్నది. ఇంటివారు నీరసమనుకుని బలం మందులు కొనిపెట్టారు. పట్టు పెరుగుతుందని ఎవరో గట్టి రబ్బరు బంతి ఇచ్చారు. పిండినకొద్దీ తిమ్మిరి హెచ్చింది. సూదిలో దారం ఎక్కించడం కూడా కష్టమైన తరువాతనే ఆమె వైద్యుని చూసింది. చికిత్సతో తిమ్మిరి తగ్గినా, బొటనవేలి పట్టు మునుపటివలె రాలేదు. కుట్టే చేతికి అది చిన్న నష్టం కాదు.

మణికట్టులో జరిగేదేమిటి?

మణికట్టులోని 8 చిన్న ఎముకలకూ, వాటిమీద అడ్డంగా బిగిసి ఉన్న బలమైన పట్టీకీ మధ్య ఒక ఇరుకు దారి ఉంటుంది. వేళ్లను ముడిచే 9 కండరపు తాళ్లు, వాటితోపాటు మీడియన్ నాడి ఆ దారిలోనుంచే అరచేతికి చేరుతాయి. మణికట్టు వంగి ఉన్నప్పుడు, పిడికిలి గట్టిగా బిగించినప్పుడు అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. నాడి దీర్ఘకాలం నలిగితే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగభాగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలి స్పర్శ వేరొక నాడిది కనుక దానికి సాధారణంగా ఈ బాధ ఉండదు. దీనినే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారిలోనూ, గర్భిణులలోనూ ఇది ఎక్కువ.

సుశ్రుత సంహిత వివరించిన 107 మర్మలలో మణికట్టు వద్దనున్న 'మణిబంధం' ఒకటి. అది సంధి మర్మ, రుజాకరం. అనగా దెబ్బతింటే తీవ్రమైన నొప్పి కలిగించేది. అక్కడ గాయమైతే చేతికి కుంఠత్వం, అనగా పనిచేయలేని స్థితి, కలుగుతుందని ఆచార్యుని హెచ్చరిక.

తయారుచేసే విధానం

ఆరు అంగుళాల పొడవు, మూడు అంగుళాల వెడల్పుగల నూలు సంచి కుట్టి, ముప్పాతిక వంతు మాత్రమే ఆవాలు నింపి మూతి కుట్టివేయాలి. నిండా నింపితే దిండు గట్టిపడి, ఉద్దేశం దెబ్బతింటుంది. ఉతుక్కోవడానికి వీలుగా పైన మరొక గలేబు తొడగాలి. పురుగు పట్టకుండా అప్పుడప్పుడు ఎండలో పెట్టాలి.

వాడే విధానం

టైపు చేసేటప్పుడు దిండును మణికట్టు మధ్యభాగం కింద పెట్టరాదు. నాడి ఉన్నది సరిగ్గా అక్కడే. అరచేతి మొదలును మాత్రమే, అదికూడా పని ఆపిన సమయంలో, దానిపై ఆనించాలి. వేళ్లు కదులుతున్నంతసేపు చెయ్యి తేలికగా, తిన్నగా ఉండాలి.

వ్యాయామానికి దిండును అరచేతిలోకి తీసుకుని ఐదు లెక్కపెట్టేవరకు మృదువుగా నొక్కి వదలాలి. వెంటనే వేళ్లను పూర్తిగా చాచి మళ్లీ ఐదు లెక్కపెట్టాలి. ముడిచే కండరాలతోపాటు చాచే కండరాలకూ ఇలా పని కలుగుతుంది. రోజుకు రెండు పూటలు, పదేసి సార్లు చాలు. తరువాత గోరువెచ్చని నువ్వులనూనెతో ముంజేతికి తేలికపాటి అభ్యంగనం హాయినిస్తుంది. అయితే స్పర్శ తగ్గిన చేతికి వేడి తెలియదు. కనుక కాపడం పెట్టేముందు వేడిని రెండవ చేతితో పరీక్షించాలి.

ఎవరు పిండరాదు?

వేళ్లలో తిమ్మిరి, మంట, రాత్రి మెలకువ తెచ్చే నొప్పి ఉన్నవారు పిండే వ్యాయామం ఆపివేయాలి. వారికి రాత్రిపూట మణికట్టును తిన్నగా నిలిపే పట్టీని నాలుగు నుంచి ఆరు వారాలపాటు వాడమని వైద్యులు సాధారణంగా సూచిస్తారు. వస్తువులు చేజారడం, బొటనవేలి మొదట్లోని కండ పలచబడడం కనిపిస్తే గృహవైద్యంతో కాలయాపన చేయక ఎముకల లేదా నరాల వైద్యుని సంప్రదించాలి. ఆ కండ బాగా క్షీణించిన తరువాత శస్త్రచికిత్స చేసినా పూర్తి బలం తిరిగి రాకపోవచ్చు.

ఈ దిండుకు ఖర్చు స్వల్పం. నొప్పి లేని చేతికి అది మంచి నేస్తం. తిమ్మిరెక్కిన చేతికి మాత్రం దానికంటె ముందు వైద్యుని సలహా కావాలి.