మామగారి మాత్ర, కోడలి జుట్టు



ఒక ఇంటిని ఊహించుకుందాం. మామగారికి డెబ్బై దాటాయి. రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేవవలసి వస్తున్నది గనుక పట్నంలో డాక్టరు ప్రోస్టేట్ గ్రంథి వాపుకు మాత్రలు రాశారు. కోడలికి కాన్పయి నాలుగు నెలలు. తల దువ్వుకుంటే దువ్వెన నిండా వెంట్రుకలే. ఎవరో చెప్పారు: "మీ మామగారు వేసుకునే మాత్ర జుట్టుకు కూడా పనిచేస్తుందట. సగం విరిచి వేసుకో." ఆమె మాత్రల అట్టను చేతిలోకి తీసుకుంది. ఆ మాత్ర మింగకముందే ఆమెతోను, ఆ ఇంటివారితోను కొన్ని సంగతులు చెప్పాలని మేము ఇది రాస్తున్నాము.

ఆమెకు చెప్పిన మాట పూర్తిగా అబద్ధం కాదు. సగం నిజం గనుకనే అది ప్రమాదకరం. ఆ మాత్ర ఫినాస్టరైడ్. 1992లో అమెరికాలో 5 మిల్లీగ్రాముల మాత్రగా పురుషుల ప్రోస్టేట్ వాపుకు దీనికి అనుమతి లభించింది. 1997లో అదే మందు 1 మిల్లీగ్రాము మోతాదులో మగవారి బట్టతలకు అనుమతి పొందింది. స్త్రీల జుట్టుకు మాత్రం అక్కడ ఆ అనుమతి లేదు.

ఎందుకు లేదో తెలియాలంటే ఈ మందు పుట్టుక తెలుసుకోవాలి. డొమినికన్ రిపబ్లిక్ దేశంలో సాలినాస్ అనే పల్లె ఉన్నది. అక్కడ కొందరు బిడ్డలు పుట్టినప్పుడు ఆడపిల్లలవలె కనిపించి, యుక్తవయసు రాగానే మగపిల్లలుగా మారేవారు. డాక్టర్ జూలియాన్ ఇంపరాటో మెక్‌గిన్లీ, ఆమె తోటి పరిశోధకులు 1974లో దీని కారణాన్ని వెల్లడించారు. మన శరీరంలో టెస్టోస్టిరోన్ అనే హార్మోను మరింత బలమైన డీహెచ్‌టీ అనే హార్మోనుగా మారుతుంది. ఆ మార్పు చేసే ఎంజైము ఈ బిడ్డలలో పుట్టుకతోనే లోపించింది. పెద్దయిన తరువాత వీరికి ప్రోస్టేట్ గ్రంథి చిన్నదిగానే ఉండేది, బట్టతల రాలేదు. ఆ ఎంజైమును మందుతో అడ్డగిస్తే వాపు తగ్గుతుందని శాస్త్రజ్ఞులు తలంచారు. ఆ విధంగా ఈ మాత్ర వచ్చింది.

ఇప్పుడు ఆ పల్లె సంగతి మరొకసారి ఆలోచించండి. డీహెచ్‌టీ లేనందువలన ఆ మగబిడ్డల జననాంగాలు తల్లి గర్భంలో సరిగా ఏర్పడలేదు. గర్భిణి ఈ మాత్ర వేసుకుంటే, ఆమె కడుపులో మగబిడ్డ ఉంటే, ఆ బిడ్డకు అదే హాని కలుగవచ్చు. ఆ అవయవాలు గర్భం తొలి మూడు నాలుగు నెలల్లోనే రూపుదిద్దుకుంటాయి. ఇంటిలో పదిమందికి గర్భం సంగతి తెలిసేనాటికే ఆ పని చాలావరకు జరిగిపోతుంది. పాలిచ్చే తల్లికి నెలసరి తిరిగి మొదలుకాకముందే గర్భం నిలవడం కూడా మనం ఎరిగినదే.

అయితే స్త్రీలకు ఈ మందు ఎవరూ రాయరా? కొందరు చర్మవ్యాధుల డాక్టర్లు రాస్తారు. ఒక జబ్బుకు అనుమతి పొందిన మందును డాక్టరు తన విచక్షణతో మరొక జబ్బుకు వాడడం వైద్యంలో ఉన్న పద్ధతే, అది తప్పు కాదు. ముట్లుడిగిన స్త్రీలకు, లేక గర్భం రాకుండా నమ్మకమైన ఏర్పాటు చేసుకున్నవారికి పరీక్షించి రాస్తారు. ఫలితమైనా అందరికీ ఒకేలా ఉండదు. ముట్లుడిగిన 137 మంది స్త్రీలపై ఒక సంవత్సరం జరిపి 2000లో ప్రచురించిన పరిశీలనలో 1 మిల్లీగ్రాము మాత్ర మేలు చేయలేదని తేలింది. ఎక్కువ మోతాదుతో కొందరికి జుట్టు ఒత్తుగా వచ్చినట్లు తరువాత డాక్టర్లు రాశారు. డాక్టరు తూచి ఇచ్చే మందు వేరు, అలమరలో దొరికిన మందు వేరు.

అన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న: జుట్టు ఎందుకు రాలుతున్నది? కాన్పయిన రెండు మూడు నెలలకు జుట్టు విపరీతంగా రాలడం సహజం. చాలామందికి సంవత్సరం లోపల అదే తిరిగి వస్తుంది. టైఫాయిడ్ వంటి జ్వరం తరువాత కూడా ఇలాగే జరుగుతుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం, కడుపునిండా తినకపోవడం కూడా కారణాలే. వీటికి మామగారి మాత్ర మందు కాదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయిస్తే దారి తెలుస్తుంది. మన కథలోని కోడలికి బహుశా ఏ మందూ అక్కరలేదు. మంచి తిండి, కొంచెం ఓపిక చాలు.

ఇంటివారు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. ముసలివారికి మింగడం కష్టమని కోడళ్లే మాత్రను చెంచాతో నలిపి ఇస్తుంటారు. గర్భిణులు, గర్భం రాగల స్త్రీలు ఫినాస్టరైడ్ మాత్రను నలపకూడదు, విరిగిన ముక్కలను ముట్టకూడదు. పైపూత చెదరని మాత్రను అందించడంలో భయం లేదు. డ్యూటాస్టరైడ్ కూడా ఈ కోవకు చెందిన మందే. దాని గొట్టం మాత్ర కారితే లోపలి మందు చర్మం గుండా ఒంటిలోకి పోతుంది. చేతికి అంటితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. అది మానిన తరువాత కూడా నెలల తరబడి ఒంటిలో నిలిచి ఉంటుంది. అందుకే అమెరికాలో ఫినాస్టరైడ్ వాడినవారు మానిన నెల వరకు, డ్యూటాస్టరైడ్ వాడినవారు ఆరు నెలల వరకు రక్తదానం చేయకూడదని నియమం పెట్టారు. ఆ రక్తం ఒక గర్భిణికి ఎక్కవచ్చునని ఆ జాగ్రత్త.

తెలియక ఇదివరకే ఆ మాత్ర వేసుకున్న సహోదరి ఉంటే, దాచవద్దు, భయంతో నాటుమందులకు పరుగెత్తవద్దు. మాత్ర ఆపి, అట్టతో సహా డాక్టరు దగ్గరకు వెళ్లి, ఎన్నాళ్లు వేసుకున్నారో ఉన్నదున్నట్లు చెప్పండి.

భర్తలకు, అత్తగార్లకు ఒక మనవి. "నీ జడ ఎలుక తోకలా అయింది" అని నవ్వుతూ అన్న మాటే ఒక్కోసారి ఆమె చేతిని ఆ అలమర వైపు నడిపిస్తుంది. ఆ మాట మానండి. ఆమెకు ఒక పూట పని తప్పించి ఆసుపత్రికి తోడు వెళ్లండి. మామగారి మాత్రలను వేరే డబ్బాలో, ఆయన పేరు రాసి ఉంచండి.