విద్యుత్తుతో నడచు వ్యోమనౌకలు

అమలాపురమునకు పోవు కాలువలో నిలిచియున్న ఒక పడవను ఊహింపుడు. పడవ నిండ కొబ్బరికాయలు. తెడ్డు లేదు, గెడ లేదు, గాలి లేదు. దానిని కదలించుట యెట్లు? వెనుకవైపున నిలిచి ఒక్కొక్క కాయను బలముగా వెనుకకు విసరినచో పడవ కొంచెము కొంచెముగా ముందునకు జరుగును. శూన్యమున పోవు వ్యోమనౌకకు గల ఉపాయము కూడ ఇదియే. అక్కడ తెడ్డు వేయుటకు నీరు లేదు, గెడ మోపుటకు అడుగు లేదు. తనతో తెచ్చుకొన్న పదార్థమునే వెనుకకు విసరుకొనుచు పోవలయును.

సరకు తరిగిపోవును గదా! రేవు చేరులోపల కాయలన్నియు నీటిపాలైనచో షావుకారు ఊరకుండునా? కావున కాయలను పొదుపు చేయదలచినవాడు ఒక్కొక్క దానిని మరింత వేగముగా విసరవలయును. రెట్టింపు వేగముతో విసరిన కాయ పడవకు రెట్టింపు ఊపు నిచ్చును. కాని విసరువానికి నాలుగు రెట్లు శక్తి ఖర్చగును. వ్యోమనౌకల చోదకమును గూర్చిన చర్చలో సగపాలు ఈ లాభనష్టముల బేరమే.

శ్రీహరికోటనుండి లేచు రాకెట్లలో విసరబడునది మండిన వాయువు. ద్రవ హైడ్రోజనును ద్రవ ఆక్సిజనుతో కలిపి మండించినపుడు ఆ వాయువు సెకనుకు సుమారు నాలుగున్నర కిలోమీటర్ల వేగముతో వెలువడును. మంటవలన దీనికి మించి పెద్దగా పొందలేము. మించవలెనన్నచో మంటను విడిచి విద్యుత్తును ఆశ్రయింపవలయును. కణత్వరక యంత్రముల ప్రసక్తి వచ్చునది ఇక్కడనే.

త్వరకమనగా విద్యుత్పీడనముతో సూక్ష్మకణములను తరుము సాధనము. పాతకాలపు టెలివిజను పెట్టెలోని గాజుగొట్టము, ఎలక్ట్రానులను తెరపైకి తరిమిన చిన్న త్వరకమే. వ్యోమనౌకలో ఎలక్ట్రానులకు బదులు బరువైన జెనాన్ వాయువును వాడుదురు. జెనాన్ పరమాణువునుండి ఒక ఎలక్ట్రానును ఊడగొట్టినచో మిగిలినది అయాను. వెయ్యి వోల్టుల పీడనము క్రింద ఆ అయాను సెకనుకు 38 కిలోమీటర్ల వేగమందుకొనును.

అట్లయిన ఇంకను పెద్ద త్వరకమును ఏల వాడరాదు? జెనీవా దగ్గర భూగర్భమున 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల యంత్రములో ప్రోటానులు ఇంచుమించు కాంతివేగముతో పరుగిడును గదా! మేము లెక్క కట్టి చూచితిమి. ఆ యంత్రపు రూపకల్పన ప్రకారము ఒక ప్రోటాను పుంజములో ఇమిడియుండు శక్తి, మన యింటి మీటరు లెక్కలో నూరు యూనిట్లు. ఆ ప్రోటానుల మొత్తము బరువు, గ్రామును నూరుకోట్ల భాగములు చేసినచో అందులో సగము భాగము. పుంజమునంతటిని వెనుకకు విసరినను వెయ్యి కిలోల నౌకకు సెకనుకు ఒక మిల్లీమీటరు పైచిలుకు వేగమే దక్కును. చీమ నడక యింతకంటె నయము! అదే నూరు యూనిట్లను జెనానునకు పంచి, సెకనుకు 15 కిలోమీటర్ల వేగముతో విసరినచో మూడు కిలోల వాయువుతో ఆ నౌకకు సెకనుకు 48 మీటర్ల వేగము వచ్చును. యంత్రములో జరుగు నష్టములకై ఈ శక్తి ఖర్చును రెట్టింపు చేసికొన్నను బేరము బేరమే. పదార్థము బొత్తిగా ఖర్చు కాకుండుట గొప్ప కాదు. నౌకకు గల శక్తికి తగిన వేగమును ఎన్నుకొనుటలో నేర్పున్నది.

ఆ 48 మీటర్ల లెక్క ఊరక వేసినది కాదు. భూమికి 36,000 కిలోమీటర్ల యెత్తున ఒకేచోట నిలిచినట్లు కనిపించు ఉపగ్రహములను సూర్యచంద్రులు ఉత్తర దక్షిణములకు లాగుచుందురు. వానిని తమ చోట నిలుపుటకు ఏడాదికి సెకనుకు సుమారు 50 మీటర్ల దిద్దుబాటు అవసరము. వెయ్యి కిలోల ఉపగ్రహమైనచో మంట ఇంధనము ఏటేట 17 కిలోల వరకు హరించును; జెనాన్ మూడున్నర కిలోలు చాలును. ఇంధనము తీరెనా, కన్ను చక్కగా పనిచేయుచున్నను ఉపగ్రహము కొలువు చాలింపవలసినదే.

ఇది కోనసీమకు పట్టనిమాట కాదు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను ఇక్కడి కొబ్బరితోటలను నేలగూల్చి, గోదావరి మండలమున వేయిమందికి పైగా ప్రాణములు గొన్నది. బంగాళాఖాతముపై మేఘముల సుడిని చూచి చెప్పునవి ఆ యెత్తున నున్న కన్నులే. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోటనుండి లేచిన ఇన్సాట్-3డిఎస్ వానిలో నొకటి.

అయాను యంత్రములు కొత్తవి కావు. 1964 జూలై 20న అమెరికావారు మొదట అంతరిక్షమున పరీక్షించిరి. 2007లో బయలుదేరిన వారి 'డాన్' నౌక 425 కిలోల జెనానుతో వెస్టా, సీరీస్ అను రెండు చిన్న లోకములను ఒకదాని తర్వాత నొకటి చుట్టి చూచినది. దాని తోపు ఒక కాగితపు బరువంత. పగలు రాత్రి తోసినను దినమునకు పెరుగు వేగము సెకనుకు ఆరేడు మీటర్లే. కాని అది ఏండ్ల తరబడి తోసినది. ఇంత మెత్తని తోపు నేలమీదినుండి చీమంత రాకెట్టునైన లేపజాలదు. ఆ పనికి మంటయే కావలెను.

మన దేశమున ఇట్టి విద్యుచ్చోదక యంత్రములను మోసిన జీశాట్-4, 2010 ఏప్రిలు 15న శ్రీహరికోటనుండి లేచిన రాకెట్టు విఫలమై పోయినది. ఏడేండ్లకు, 2017 మే 5న, జీశాట్-9 జెనాన్ యంత్రములతో పైకి పోయి కక్ష్య చేరెను. 2025 మార్చిలో ఇస్రోవారు అంతకంటె బలమైన యంత్రమొకటి భూమిపై శూన్యపుగదిలో వేయి గంటల పరీక్షకు నిలిచినదని ప్రకటించిరి. అది 5.4 కిలోవాట్ల విద్యుత్తును త్రాగి ఇచ్చు తోపు ముప్పది గ్రాముల బరువు. ఉపగ్రహమును తొలికక్ష్యనుండి 36,000 కిలోమీటర్ల యెత్తునకు ఇంతటి చిన్న తోపుతోనే ఎక్కించవలెనని వారి సంకల్పము. మంట యంత్రములు కొన్ని దినములలో ముగించు ఆ ఎక్కుడు, దీనికి నెలలు పట్టును.