పగ్గాలు సడలించి గెలిచిన దర్శకుడు

ఛత్తీస్‌గఢ్ పల్లె కళాకారులను ఎడిన్‌బరో దాకా నడిపించిన హబీబ్ తన్వీర్‌కు, వారి మాటను వారికే వదిలేయడం తెలిసొచ్చేసరికి దాదాపు పదిహేనేళ్లు పట్టింది

పల్లెలో తెల్లవార్లూ జనాన్ని కడుపుబ్బ నవ్వించే నటులు వారు. అదే నటులు ఢిల్లీ వేదిక ఎక్కేసరికి బిగుసుకుపోయేవారు. 1960లలో హబీబ్ తన్వీర్‌ను వేధించిన చిక్కు ఇదే. లోపం నటుల్లో లేదని, తన పద్ధతిలోనే ఉందని ఆయన ఆలస్యంగా గ్రహించారు. ఆ తర్వాతే ఆయన నాటక బృందం ‘నయా థియేటర్’కు సొంత రూపం వచ్చింది.

1923 సెప్టెంబరు 1న రాయ్‌పూర్‌లో పుట్టిన ఆయన అసలు పేరు హబీబ్ అహ్మద్ ఖాన్. తన్వీర్ అన్నది కవిగా పెట్టుకున్న కలం పేరు. 1940లలో బొంబాయి చేరి, తెలుగునాట ప్రజానాట్యమండలిగా పనిచేసిన ‘ఇప్టా’ ఉద్యమంలో నాటకం నేర్చుకున్నారు. 1954లో ఢిల్లీకి మారి, ఉర్దూ కవి నజీర్ అక్బరాబాదీపై ‘ఆగ్రా బజార్’ రూపొందించారు. జామియా మిలియా విద్యార్థులు, ఆ పక్కనే ఉన్న ఓఖ్లా గ్రామస్థులు అందులో కలిసి నటించారు. కవి మాత్రం వేదికపై ఒక్కసారీ కనిపించడు. దోసకాయలు అమ్ముడుపోని చిరువ్యాపారి కవితో పాట కట్టించుకుని సరుకు అమ్ముకుంటాడు.

మరుసటి ఏడాది తన్వీర్ ఇంగ్లండ్ వెళ్లి లండన్, బ్రిస్టల్‌లలో నాటక శిక్షణ పొందారు. 1956లో బెర్లిన్ చేరేటప్పటికి, ఆయన కలవాలనుకున్న బెర్టోల్ట్ బ్రెహ్ట్ కన్నుమూశారు. అయినా కొన్ని నెలలు అక్కడే ఉండి, బ్రెహ్ట్ బృందం ప్రదర్శనలు చూశారు. సొంత నేలలో వేళ్లూనిన నాటకమే నిలుస్తుందన్న నమ్మకంతో తిరిగొచ్చారు.

వెతికినది సొంతూరి పరిసరాల్లోనే దొరికింది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో రాత్రంతా సాగే హాస్య ప్రదర్శన ‘నాచా’. తెర, పూర్తి రాతప్రతి లాంటివేవీ ఉండవు. 1958లో తన్వీర్ ఆరుగురు నాచా కళాకారులను ఢిల్లీకి తీసుకొచ్చి, శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ను ‘మిట్టీ కీ గాడీ’గా ఆడించారు. 1959లో, తర్వాత తన జీవిత భాగస్వామి అయిన మోనికా మిశ్రాతో కలిసి నయా థియేటర్‌ను స్థాపించారు.

చిక్కు మొదలైంది అక్కడే. ఛత్తీస్‌గఢీ మాట్లాడే నటులతో ఆయన హిందీ పలికించారు. ఏ మాట దగ్గర ఎటు కదలాలో ముందే నిర్ణయించారు. చదువురాని నటులు ఆ లెక్కను గుర్తుపెట్టుకోలేకపోయేవారు. నాచాలో నటుడు జనం ఎటుంటే అటు తిరుగుతాడు. వాళ్లు నవ్వితే ఆ మాటనే ఇంకాస్త సాగదీస్తాడు. ఆ స్వేచ్ఛకే దర్శకుడు కళ్లెం వేశారు.

1970ల మొదట్లో తన్వీర్ ఆ పట్టు సడలించారు. 1973లో రాయ్‌పూర్‌లో నాచా శిబిరం పెట్టి, కళాకారుల దగ్గరున్న హాస్య ఘట్టాలను అల్లి ‘గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్’ తయారుచేశారు. మాట వాళ్లది, కదలిక వాళ్లది. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో మాత్రం ఆయనది.

ఆ పద్ధతికి శిఖరం 1975 నాటి ‘చరణ్‌దాస్ చోర్’. మూలం విజయ్‌దాన్ దేథా రాసిన రాజస్థానీ కథ. బంగారు పళ్లెంలో తిననని, ఏనుగెక్కి ఊరేగనని, రాణిని పెళ్లాడనని, రాజ్యం ఏలనని ఒక దొంగ గురువు ముందు ఒట్లు వేస్తాడు. వీటికి తోడు అబద్ధం ఆడొద్దంటాడు గురువు. ఇచ్చిన మాట తప్పనందుకు చివరకు ఆ దొంగ ప్రాణమే పోతుంది. సత్నామీల పాటలతో, పంథీ నృత్యంతో సాగిన ఈ నాటకం 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో ‘ఫ్రింజ్ ఫస్ట్’ పురస్కారం గెలిచింది. ప్రేక్షకులకు ఛత్తీస్‌గఢీ రాకపోవడం అడ్డు కాలేదు.

పల్లె గొంతుకు వేదిక ఇవ్వడమంటే అది అనే మాటలకూ బాధ్యత వహించడమే. అంటరానితనాన్ని ఎగతాళి చేసే ‘పోంగా పండిత్’ తన్వీర్ రాసింది కాదు, నాచా కళాకారులు దశాబ్దాలుగా ఆడుతున్నది. 1990లలోనూ, 2003లో మధ్యప్రదేశ్ పర్యటనలోనూ హిందుత్వవాద కార్యకర్తలు దాన్ని అడ్డుకున్నారు. ఎనభయ్యో పడిలోనూ ఆయన దాన్ని జాబితాలోంచి తీసేయలేదు.

2009 జూన్ 8న తన్వీర్ భోపాల్‌లో మరణించారు. కొద్ది వారాలకే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం, సత్నామీ మత పెద్దల అభ్యంతరాల నేపథ్యంలో ‘చరణ్‌దాస్ చోర్’ పుస్తకంపై వేటు వేసింది. బృందం బాధ్యత కుమార్తె నగీన్ తన్వీర్ భుజాలకెత్తుకున్నారు.

తన్వీర్‌కు 1983లో పద్మశ్రీ, 2002లో పద్మభూషణ్ దక్కాయి. 2009లో పద్మశ్రీ అందుకున్నవారిలో గోవింద్‌రామ్ నిర్మల్కర్ ఉన్నారు. చరణ్‌దాస్ పాత్రలో పేరు తెచ్చుకున్న నాచా నటుడాయన. తన బృందంలోని పల్లె కళాకారుడికి తనకొచ్చిన పురస్కారమే రావడం చూశాకే దర్శకుడు వెళ్లిపోయారు.