శోకతప్తులకు శాస్త్రమిచ్చిన ఊరట

పుట్టిన ప్రతి ప్రాణికీ మరణం తప్పదన్న మాట మనకందరికీ తెలిసినదే. అయినా ఇంటి పెద్ద కన్నుమూసిననాడు గాని, కన్నబిడ్డ తల్లిదండ్రుల కళ్ల ఎదుటే వెళ్లిపోయిననాడు గాని ఆ తెలిసిన మాట మనకు అక్కరకు రాదు. తెలియడం వేరు, తట్టుకోవడం వేరు. ఈ రెంటి నడుమ ఉన్న దూరాన్ని దాటించడానికే మహర్షులు అపరక్రియలను విధించారు. అవి పోయినవారి సద్గతికి ఎంత అవసరమో, మిగిలినవారి మనశ్శాంతికీ అంతే అవసరం. కాని ఈనాడు అనేక గృహాలలో అవి ఖర్చుల పట్టీగానూ, భయాల జాబితాగానూ మారిపోతున్నవి. దుఃఖంలో మునిగిన ఇంటికి వెళ్లినప్పుడు ఏమి పలకాలి, ఏమి పలకరాదు, ఆ ఇంటివారు ఏ విధంగా నడచుకోవాలి అన్న విషయాలలో మన శాస్త్రం చెప్పినదేమిటో ఈ వారం మనవి చేస్తాను.

పచ్చికపై కూర్చుండబెట్టి...

యాజ్ఞవల్క్య స్మృతిలోని ప్రాయశ్చిత్తాధ్యాయం ఆశౌచ ప్రకరణంతో మొదలవుతుంది. దహనానంతరం బంధువులు నీటిలో దిగి ఉదకతర్పణం చేసిన పిమ్మట ఏమి జరగాలో మహర్షి అక్కడ ఎంతో సూక్ష్మంగా చెప్పారు. స్నానం చేసి గట్టెక్కిన వారిని మెత్తని పచ్చికపై కూర్చుండబెట్టాలి. పెద్దలు పూర్వుల ఇతిహాసాలు చెప్పి వారి దుఃఖాన్ని ఉపశమింపజేయాలి. ఆ తరువాత చిన్నపిల్లలను ముందు నడిపించుకొని అందరూ ఇంటికి మరలాలి. వాకిట నిలిచి వేపాకు కొరికి, ఆచమించి, అగ్నిని, నీటిని, గోమయాన్ని, తెల్ల ఆవాలను తాకి, రాతిపై పాదం మోపి మెల్లగా లోనికి ప్రవేశించాలి.

ఈ విధిని కొంచెం నిదానంగా పరిశీలించండి. మెత్తని పచ్చిక అని మహర్షి ప్రత్యేకించి ఎందుకు చెప్పినట్లు? దుఃఖంతో కుంగినవాడి శరీరం కూడా అలసి ఉంటుందని ఆయనకు తెలుసు. పిల్లలు ముందు నడవాలన్నది ఎందుకు? చితిని వీడి వస్తున్నవాడి కంటికి మొదట కనిపించవలసినది ఇక ముందు సాగవలసిన వంశం. వేపాకు చేదు. ఆ చేదును కాదనకుండా, దాచకుండా కొరికి మింగి ఇంట్లో అడుగు పెట్టమన్నారు. రాతిపై పాదం స్థైర్యానికి గుర్తు. ఇందులో ఒక్క క్రియకూ రూపాయి ఖర్చు లేదు.

కన్నీరు తప్పా?

అదే స్మృతిలో, బంధువులు విడిచే కన్నీరు పోయినవారికి బాధాకరమవుతుంది గనుక రోదించరాదన్న భావం కూడా ఉన్నది. ఈ సగం మాటను పట్టుకొని కొందరు తల్లులను, భార్యలను ఏడవనీయకుండా కసరుకుంటారు. మిగతా సగం వినండి. ఏడ్పులో మునిగిపోక, తమ శక్తికి తగినంతలో క్రియలు నిర్వర్తించవలెనని మహర్షి వాక్యం పూర్తవుతుంది. దుఃఖంలోనే నిలిచిపోవద్దని, చేతికి పని ఇచ్చుకొమ్మని దాని తాత్పర్యం. ఏడ్చిన తల్లిని పాపాత్మురాలిగా చూడమని ఆ వాక్యం ఎక్కడా చెప్పలేదు.

బ్రహ్మర్షి వసిష్ఠులకన్న జ్ఞాని ఎవరు? నూరుగురు కుమారులను కోల్పోయినప్పుడు ఆయన సైతం ప్రాణత్యాగానికి సిద్ధపడ్డారని మహాభారతం ఆదిపర్వం చెబుతున్నది. తాళ్లతో తనను తాను బంధించుకొని నదిలో దూకితే, ఆ నది కట్లు విప్పి ఒడ్డున చేర్చింది. పాశాలను విడిపించినందున దానికి విపాశ అని పేరు వచ్చింది. మరొక నది ఆయన తేజస్సుకు వెరచి నూరు పాయలుగా చీలి శతద్రువయింది. నేటి బియాస్, సట్లెజ్ నదులు ఇవే. చివరకు ఆయనను బ్రతికించినది ఏమిటి? ఆశ్రమానికి తిరిగి వస్తుండగా వెనుక నుంచి వేదఘోష వినిపించింది. అది కోడలు అదృశ్యంతి గర్భంలోని శిశువు స్వరం. తన వంశం ఇంకా మిగిలి ఉన్నదని గ్రహించిన వసిష్ఠులు మరణ సంకల్పాన్ని విడిచారు. ఆ శిశువే పరాశర మహర్షి.

అర్జునుడి సంగతి చూడండి. గీతను సాక్షాత్తు శ్రీకృష్ణుని నోట విన్నవాడు ఆయన. పదమూడవనాటి యుద్ధంలో అభిమన్యుడు నేలకొరిగాడని తెలిసినప్పుడు ఆ అర్జునుడే విలవిలలాడిపోయాడు. గీత విన్నావు కదా, ఏడ్పెందుకని కృష్ణుడు ఎగతాళి చేయలేదు. చెల్లెలు సుభద్ర దగ్గరకు స్వయంగా వెళ్లి ఓదార్చాడు. అర్జునుడికే గీత కన్నీటిని ఆపలేదంటే, నిన్న కొడుకును పోగొట్టుకున్న ఇల్లాలికి ఆత్మ నశించదని మనం ఉపన్యసించడంలో ఔచిత్యమెంతో మీరే ఆలోచించండి. ఆ సత్యం ఆమెకు తప్పక అందవలసినదే. అందుకొక సమయమున్నది.

శాంతిపర్వంలో మరొక అద్భుతమైన ఆఖ్యానమున్నది. ప్రాణులను సంహరించమని బ్రహ్మ ఆజ్ఞాపించినప్పుడు మృత్యుదేవత బోరున విలపించిందట. ఆ కన్నీటిని బ్రహ్మ తన దోసిట పట్టాడట. ఆ పని నావల్ల కాదని ఆమె దీర్ఘకాలం తపస్సు చేసినదట. తుదకు ఆ కన్నీటి బిందువులే వ్యాధులై ప్రాణులను తీసుకొని పోతాయని, ఆమెకు అధర్మం అంటదని బ్రహ్మ అభయమిచ్చాడు. మృత్యువే ఏడ్చిన చోట, మర్త్యుడు ఏడ్వడం తప్పెట్లా అవుతుంది?

ఇరుగుపొరుగు వారి మార్గం

మన ఉమ్మడి మెదక్ జిల్లాలో క్రైస్తవ సోదరులు ఎందరో మన పక్కనే నివసిస్తున్నారు. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకొన్న మెదక్ చర్చి కరవు కాలంలో పేదలకు పని, తిండి కల్పిస్తూ నిర్మితమైనదని ఈ ప్రాంతీయులందరికీ తెలుసు. వారి ఇంట ఎవరైనా మరణించినప్పుడు, కొన్ని దినాల తరువాత బంధుమిత్రులు చేరి ప్రార్థించి, పాటలు పాడి ఆ కుటుంబానికి ధైర్యం చెబుతారు. దానిని వారు ఆదరణ కూడిక అంటారు. చనిపోయిన మిత్రుడు లాజరు సమాధి వద్ద ఏసు కన్నీరు పెట్టాడని వారి సువార్త చెబుతున్నది. పౌలు తన లేఖలో దుఃఖించవద్దని అనలేదు. నిరీక్షణ లేనివారి వలె దుఃఖించవద్దన్నాడు. పోయినవారు దేవుని సన్నిధికి చేరారని, పునరుత్థానంలో మళ్లీ కలుస్తామని వారి విశ్వాసం.

మన సిద్ధాంతం వేరు. మనకు స్వర్గం తుది గమ్యం కాదు. పుణ్యఫలం అనుభవించిన పిదప జీవుడు మరల జన్మ ఎత్తుతాడు. ఆ చక్రం నుంచి విముక్తి మోక్షం. ఈ తేడాను చెరిపివేయనక్కరలేదు. కాని ఆ కూడికకు వారు పెట్టుకొన్న పేరును గమనించండి. ఆదరణ అన్నది ఆ పేరులోనే ఉన్నది. మన పదకొండవ దినానికి, పన్నెండవ దినానికి వెళ్లిన మనం ఆదరించి వస్తున్నామా, లేక భోజనం చేసి, వంటకాలకు వంక పెట్టి వస్తున్నామా? పచ్చికపై కూర్చుండబెట్టి ఓదార్చమన్న యాజ్ఞవల్క్యుని ఆదేశం మన ఆదరణ కూడికే. దానిని మనమే మరచిపోయాం.

శోకానికి ఒక పంచాంగం

అపరక్రియల క్రమంలో ఒక అమరిక ఉన్నది. మొదటి పది దినాలు ప్రతిదినమూ పిండప్రదానం, తిలోదకం. ఆ పిండాలతో జీవునికి యాతనాశరీరం అవయవం తరువాత అవయవంగా ఏర్పడుతుందని గరుడపురాణం చెబుతున్నది. పన్నెండవనాటి సపిండీకరణంతో ప్రేతత్వం తొలగి జీవుడు పితృదేవతల పంక్తిలో చేరతాడు. పిమ్మట నెలకొకమారు మాసికం. ఏడాది నిండినాక ఏటికొకసారి ఆబ్దికం. భాద్రపద బహుళ పక్షంలో మహాలయం.

ఈ ఎడాన్ని గమనించారా? తొలుత ప్రతిదినమూ, తరువాత ప్రతిమాసమూ, ఆ తరువాత ప్రతిసంవత్సరమూ. గాయం పచ్చిగా ఉన్నప్పుడు రోజూ కట్టు కట్టినట్లు, మానుతున్న కొద్దీ వ్యవధి పెరుగుతుంది. ఒక్కరోజులో మరచిపొమ్మని శాస్త్రం అనలేదు. జీవితమంతా దినదినమూ విలపించమనీ అనలేదు. తండ్రి వసురూపుడై, తాత రుద్రరూపుడై, ముత్తాత ఆదిత్యరూపుడై మన తర్పణం స్వీకరిస్తారన్న భావనతో, నిన్నటి వరకు మంచంపై మూలిగిన మనిషి నేడు మనం నమస్కరించే దేవతాస్వరూపుడవుతాడు. బాంధవ్యం తెగిపోదు, రూపం మారుతుంది.

తెలంగాణలో పెత్రమాసనాడు పితరులకు బియ్యం ఇచ్చుకొని, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మను ఎత్తుతాం. పోయినవారిని తలచుకొన్న రోజునే బ్రతుకును పూలతో పూజిస్తాం. ఇంతకు మించిన ఓదార్పు పాఠం మరొకటి కావాలా?

అప్పు చేసి శ్రాద్ధమా?

ఇక చెప్పక తప్పని విషయం. చావుతో కుంగిన కుటుంబాన్ని భోజనాలు, వస్త్రాలు, దానాల పేరిట అప్పులపాలు చేయడం ధర్మం కాదు. శ్రాద్ధంలో దైవానికి ఇద్దరు, పితృస్థానానికి ముగ్గురు భోక్తలు చాలునని, ఎంతటి ధనవంతుడైనా విస్తరించరాదని మనుస్మృతి శాసించింది. విస్తరిస్తే సత్కారం, దేశం, కాలం, శుచిత్వం, యోగ్యులైన బ్రాహ్మణులు లభించడం అనే అయిదూ చెడిపోతాయని కారణం కూడా చెప్పింది. విష్ణుపురాణంలో పితరులే పలికిన మాటలున్నవి. అన్నం పెట్టలేనివాడు పచ్చి ధాన్యం ఇస్తే చాలు. అదీ లేకుంటే గుప్పెడు నువ్వులు. అదీ కుదరకుంటే ఆవుకు ఒకనాటి గడ్డి. ఏమీ లేనివాడు ఏకాంతంలో చేతులు పైకెత్తి, నా వద్ద ధనం లేదు, భక్తితో నమస్కరిస్తున్నాను, తృప్తి చెందండి అని వేడుకొన్నా పితరులు సంతుష్టులవుతారు. మీ పురోహితుడు అంతకు మించి అడిగినచో, ఈ మాటలను వినయంగా గుర్తుచేయండి. పురోహితుడినైన నేనే ఈ మాట చెబుతున్నాను.

భర్తను కోల్పోయిన స్త్రీని పదిమంది నడుమ కూర్చుండబెట్టి గాజులు పగులగొట్టే ఆచారమూ అటువంటిదే. ఋగ్వేదం పదవ మండలంలోని అంత్యేష్టి సూక్తంలో, భర్త దేహం ప్రక్కన పరుండిన స్త్రీని లెమ్మని, సజీవుల లోకంలోకి రమ్మని చెయ్యి అందించి పిలుస్తారు. వేదం పిలిచిన పిలుపు అది. 2022 మే నెలలో మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ వితంతువుల పట్ల ఇటువంటి ఆచారాలను నిలిపివేస్తూ తీర్మానించింది. మన గ్రామాలకూ అది అనుసరణీయం.

త్యజించిన పుష్పానికి చోటిచ్చిన స్వామి

మా ఝరాసంగం శ్రీ కేతకీ సంగమేశ్వరస్వామి క్షేత్రంలో ఒక విశేషమున్నది. శివపురాణ కథ మీకు తెలిసినదే. జ్యోతిస్తంభపు అగ్రాన్ని చూశానని బ్రహ్మ పలికిన అసత్యానికి సాక్ష్యం చెప్పి మొగలిపువ్వు శివపూజకు అనర్హమయింది. అన్ని శివాలయాలలో నిషిద్ధమైన ఆ కేతకీపుష్పాన్ని ఇక్కడ స్వామి స్వీకరిస్తాడు. చర్మవ్యాధితో ఎవరికీ కానివాడై తిరిగిన కుపేంద్ర మహారాజు ఈ కేతకీవనంలోని జలంలో స్నానమాడి స్వస్థుడయ్యాడని స్థలపురాణం. కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా భక్తులు తరలివచ్చి నేటికీ ఇక్కడి అమృతగుండంలో స్నానం చేసి స్వామిని దర్శించుకుంటారు. వారిలో ఏడాది మైల తీర్చుకొని వచ్చినవారూ ఉంటారు. లోకం అమంగళమని దూరం నెట్టినవారిని చూసినప్పుడెల్లా నాకు ఆ మొగలిపువ్వే గుర్తుకు వస్తుంది. స్వామి త్యజించనివారిని త్యజించే అధికారం మనకెక్కడిది?

కనుక దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు వారి కర్మఫలమని తీర్పు చెప్పకండి. ఏ జన్మలో ఎవరు ఏమి చేశారో మనకు తెలియదు, ఆ లెక్క పరమేశ్వరునిది. అకాల మరణమైతే కారణాలు తవ్వకండి. ప్రాణం తీసుకొన్నవారి ఇంటివారిని నరకవర్ణనలతో భయపెట్టకండి. ఆ వర్ణనలు బ్రతికి ఉన్నవారు పాపం చేయకుండా ఉండటానికి చెప్పినవి, ఏడ్చేవారిని మరింత ఏడ్పించడానికి కాదు. పక్కన కూర్చోండి. వారు చెబితే వినండి. పోయినవారి మంచిని ఒకటి తలచుకోండి. వారి ఇంట పొయ్యి వెలగకపోతే మీ ఇంటి అన్నం పంపండి. కర్మల సందడి ముగిసి చుట్టాలు వెళ్లిపోయిన తరువాత, పదిహేనవనాడు, నెలనాడు మరల ఒకసారి వెళ్లండి. ఆ ఇంటి నిశ్శబ్దం అప్పుడే మొదలవుతుంది.

మీ ఇంటనే అటువంటి కష్టం వచ్చి ఉంటే, కన్నీరు వచ్చినప్పుడు రానివ్వండి. మీ శక్తిమేరకు మాత్రమే క్రియలు జరపండి. సాయంసంధ్యలో దీపం వెలిగించి, పోయినవారి పేరు తలచి, దోసెడు నీళ్లు విడవండి. వసిష్ఠునికి వినిపించిన స్వరం వలె మీ ఇంట ఏదో ఒక మూల నుంచి బ్రతుకు మిమ్మల్ని పిలుస్తుంది. ఆ పిలుపు వినిపించే వరకు సంగమేశ్వరుడు మీకు తోడై ఉండుగాక.