బడిలో ఎచ్చం, ఇంట్లో అసమాపక క్రియ

విళాత్తికుళం చుట్టుపక్కల మన ఇండ్లల్లో పిల్లలు తెలుగు మాట్లాడతారు, రాయమంటే మాత్రం తల దించుకుంటారు. 2006 చట్టంతో బడిలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు అక్షరానికి చోటు ఇంకా తగ్గింది. ఇంట్లోనే నేర్పుదామని వ్యాకరణ పుస్తకం తెరిచిన పెద్దలు క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం అన్న పేర్లు చూసి మూసేస్తారు. ఆ పేర్ల వెనుక ఉన్న సంగతి మన పిల్లలకు సగం తెలిసిందే.

తమిళ పాఠంలో వాళ్లు వినైయెచ్చం, పెయరెచ్చం చదువుతారు. ఎచ్చం అంటే మిగులు. "అన్న వచ్చి" అని ఆపితే వినేవాళ్లు "వచ్చి?" అని అడుగుతారు. మాట ఇంకా మిగిలి ఉంది. వాక్యాన్ని ముగించని ఇలాంటి క్రియను తెలుగులో అసమాపక క్రియ అంటాం. తమిళంలో "వందు" అంటే మనకు "వచ్చి", "సెయ్దు" అంటే "చేసి". గుర్తు పట్టడం సులువు. ముగించే క్రియ మనిషిని బట్టి మారుతుంది: వచ్చాను, వచ్చావు, వచ్చారు. అసమాపక క్రియ మారదు: నేను వచ్చి, నువ్వు వచ్చి, వాళ్లు వచ్చి. కాలం కూడా చివరి క్రియే చెబుతుంది. "నిన్న వచ్చి చూశాను", "రేపు వచ్చి చూస్తాను", రెండింటిలోనూ "వచ్చి" ఒకటే.

ఇక ఆ భయపెట్టే పేర్లు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి వాడినవి సంస్కృతం నుంచి తెచ్చిన పేర్లే. చేత్ అంటే "అయితే", కాబట్టి "వస్తే" చేదర్థకం. అపి అంటే "కూడా", కాబట్టి "వచ్చినా" అప్యర్థకం. చేసి క్త్వార్థకం, చేస్తూ శత్రర్థకం, చేయక వ్యతిరేకం. పేర్లు బరువు, సరుకు ఇంటిదే. మా మటుకు మేము పిల్లలకు ముందు మాటలు చూపించి, పేర్లు తర్వాత చెప్పమంటాం.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త కావాలి. "వచ్చి" అన్న పనీ చివరి పనీ మామూలుగా ఒకరివే కావాలి. "అమ్మ వండి మేము తిన్నాం" అంటే చెవికి ఏదో తేడా కొడుతుంది. "అమ్మ వండితే మేము తిన్నాం" అంటాం. మరి "వాన పడి చెరువు నిండింది" అంటే ఎవరికీ అడ్డు రాదు. పడింది వాన, నిండింది చెరువు; కర్తలు ఇద్దరు. ఇక్కడ మొదటిది రెండోదానికి కారణం, అందుకే వాక్యం నిలుస్తుంది. కరిసల్ నేల మీద బతికేవాళ్లకు ఇది వివరించి చెప్పాలా?

పెయరెచ్చం మనకు క్రియాజన్య విశేషణం. ఎట్టయాపురం మేకల సంతనే తీసుకోండి: మేకను అమ్మిన మనిషి, మనిషి అమ్మిన మేక, మేకను అమ్మిన సంత. మూడు చోట్లా "అమ్మిన" ఒక్కటే. అమ్మినవాడెవడు, అమ్ముడైనదేది, ఎక్కడ అన్నది పక్క మాటలు చెబుతాయి. ఇంగ్లీషుకు ఇక్కడ ఎవరు, ఏది, ఎక్కడ అనే మాటలు విడిగా కావాలి. మనకూ తమిళానికీ అక్కర్లేదు. కాలభేదం కూడా ఉంది: అమ్మిన, అమ్ముతున్న, అమ్మే. కాదన్నప్పుడు అది పోయి ఒక్క "అమ్మని" మిగులుతుంది. తమిళంలోనూ అంతే, "విర్కాద" ఒక్కటే.

పూర్తిగా ఒకటి కాని చోటూ ఉంది. తమిళంలో "సెయ్దుకొండు" అని రెండు క్రియలు కలిపి చెప్పేదాన్ని తెలుగు "చేస్తూ" అని ఒక్క మాటలో చెబుతుంది. "పాడుతూ నడిచింది" లాంటి వాక్యాలు పిల్లల చేత నాలుగైదు రాయించండి.

ఆ తర్వాత చివర ఒక్కటే ముగించే క్రియ పెట్టి రోజంతా చెప్పమనండి: పొద్దున లేచి, మొహం కడుక్కొని, చద్దన్నం తిని, బస్సు రాకపోతే నడిచి, గంట కొట్టకముందే బడికి చేరాను.